రెండు నీలగిరులు... తొమ్మిదో బంతి!

నల్లగొండ గడియారం సెంటర్‌కు కాస్త ఎడంగా, ఓ బట్టల దుకాణం పైన ఉందా గది. ఇరుకు మెట్లెక్కి తలుపు తోస్తే 'టక్‌'మని ఒక చప్పుడు. ఆ వెంటే బంతి పాకెట్‌లో పడిన చప్పుడు. లోపల మూడు బల్లలు, వాటి మీద పచ్చటి గుడ్డ, పైనుంచి వేలాడే ట్యూబ్‌లైట్లు. గోడ మీద ఎర్ర పెయింటుతో రెండు హెచ్చరికలు. 'యూనిఫాంలో వస్తే రానివ్వం', 'పందేలు కాయరాదు'.

బయట మాత్రం ఈ గదికి అంత మంచి పేరు లేదు. ''గాడ కూసుంటే పోరగాళ్లు పాడైతరు సార్‌'' అన్నాడు కింద టీకొట్టు పెద్దాయన. చాలా ఇళ్లలో వినపడే మాటే అది. పైన క్యూ కర్రకు సుద్ద రాసుకుంటున్న డిగ్రీ కుర్రాడి సందేహం వేరు. ''గీ ఆటకు గూడ వరల్డ్‌కప్‌ ఉంటదా అన్నా?''

ఉంటుంది. నైన్‌బాల్‌ పూల్‌కు 1990 నుంచీ ప్రపంచ చాంపియన్‌షిప్‌ ఉంది. దాని చరిత్ర తెలిస్తే టీకొట్టు పెద్దాయన భయం, ఈ కుర్రాడి ఆశ... రెండూ నిజమేననిపిస్తుంది.

ఊటీలో రాసిన నియమాలు

ఈ ఆటల కుటుంబం మనకు మరీ పరాయిది కాదు. పూల్‌కు పెద్దన్నలాంటి స్నూకర్‌ 1875లో మన జబల్‌పూర్‌లోనే పుట్టింది. వానాకాలంలో పొద్దుపోక నెవిల్‌ చాంబర్లేన్‌ అనే బ్రిటిష్‌ సైనికాధికారి బిలియర్డ్స్‌ బల్ల మీద అదనంగా రంగు బంతులు చేర్చి చూశాడు. అదే స్నూకర్‌ అయింది. తర్వాత 1882లో దానికి నియమాలు ఖరారైంది ఊటీ క్లబ్బులో. అంటే నీలగిరి కొండల్లో. నల్లగొండ పాత పేరు కూడా నీలగిరే అంటారు. ఒక నీలగిరిలో తెల్లదొరలు నియమాలు రాసుకున్న ఆటకు చుట్టమైన ఆటను మరో నీలగిరిలో కుర్రాళ్లు ఇవాళ ఆడుకుంటున్నారన్నమాట!

స్నూకర్‌ బల్ల పన్నెండు అడుగుల పొడవుంటే పూల్‌ బల్ల తొమ్మిది అడుగులే. నైన్‌బాల్‌లో ఒకటి నుంచి తొమ్మిది వరకూ అంకెలున్న బంతులుంటాయి. బల్ల మీద మిగిలినవాటిలో అన్నిటికన్నా చిన్న అంకె బంతికి తెల్లబంతి ముందుగా తగలాలి. తొమ్మిదో బంతిని పాకెట్‌లో వేసినవాడిదే గెలుపు. ఎనిమిది బంతులు వేసి తొమ్మిదోది వదిలేస్తే... ఆ కష్టమంతా ఎదుటివాడి ఖాతాలోకే!

పేరులోనే పందెం

అసలు 'పూల్‌' అంటే ఆటగాళ్లంతా తలా కొంత వేసి పోగేసిన పందెం సొమ్ము. పేరులోనే పందెం ఉన్న ఆట ఇది. ఒకప్పుడు గొప్ప ఆటగాళ్లు కూడా పందేల మీదే బతికారు.

ఫిలిప్పీన్స్‌కు చెందిన ఎఫ్రెన్‌ రేయెస్‌ కథే చూడండి. 1954లో పుట్టాడు. పసితనంలోనే మనీలాలో మేనమామ నడిపే పూల్‌హాల్‌కు చేరాడు. బల్ల అందకపోతే కూల్‌డ్రింక్‌ పెట్టెలెక్కి ఆడేవాడు. రాత్రి ఆ బల్లల మీదే పడుకునేవాడు. 1985లో అమెరికా వెళ్లినప్పుడు సీజర్‌ మొరాలెస్‌ అని మారుపేరు పెట్టుకున్నాడు. అసలు పేరు తెలిస్తే ఎవరూ ఎదురుగా నిలబడి పందెం కాయరు మరి!

ఆ లోకానికి వేరే తలుపు తెరిచింది చాంపియన్‌షిప్‌. 1990లో జర్మనీలోని బెర్గ్‌హైమ్‌లో జరిగిన మొదటి పోటీలో అమెరికా ఆటగాడు ఎర్ల్‌ స్ట్రిక్లాండ్‌ గెలిచాడు. ఇక్కడ రిఫరీ ఉంటాడు. ముందే ప్రకటించిన బహుమతి ఉంటుంది. మారుపేరుతో పనిలేదు. సొంత పేరే ఆస్తి. 1999లో నిర్వాహకులు వేరై రెండు చోట్ల పోటీలు పెడితే, కార్డిఫ్‌లో గెలిచింది రేయెసే. ఈసారి అసలు పేరుతో!

2002 ఫైనల్‌ గుర్తొస్తే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. పోటీలు జరుగుతుండగానే రేయెస్‌ దేశస్థుడు ఫ్రాన్సిస్కో బుస్టమాంటేకు ఇంటి నుంచి కబురొచ్చింది. పసికూతురు చనిపోయింది. అయినా ఫైనల్‌ దాకా ఆడి, స్ట్రిక్లాండ్‌ చేతిలో 17-15తో ఓడిపోయాడు. ఎనిమిదేళ్ల తర్వాత, 2010లో దోహాలో అదే కప్పు అందుకున్నాడు. 2005లో తైవాన్‌ కుర్రాడు వు జియా చింగ్‌ గెలిచేనాటికి వయసు పదహారే. మన దగ్గరైతే ఇంటర్‌ చదివే ఈడు. ఒకప్పుడు గోల్ఫ్‌ మైదానంలో ఇతరుల సామాను మోసిన కార్లో బియాడో 2017లో ఒకసారి, 2025లో జెడ్డాలో మరోసారి విజేత అయ్యాడు.

దారి నల్లేరు మీద నడకేం కాదు. 2008, 2009లలో ఈ పోటీలే జరగలేదు. పందెం ఎక్కడైనా పుడుతుంది. పోటీని మాత్రం ఎవరో ఒకరు పూనుకుని నడపాలి.

పచ్చగుడ్డ కింద బండ

నల్లగొండ నుంచి పాలమూరుకు బయల్దేరాం. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా దారి. ఎటుచూసినా గుట్టలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లు, మధ్యలో పత్తి, కంది చేలు. పూల్‌బల్ల పచ్చగుడ్డ కింద ఉండేది కూడా రాయే. చదును చేసిన పలకరాయి. అది రవ్వంత వాలుగా ఉన్నా బంతి దారి తప్పుతుంది. తాండూరు బండలు పరుచుకున్న ఇళ్లలో పెరిగిన మనకు బండ మట్టం గురించి వేరే చెప్పాలా!

మహబూబ్‌నగర్‌ చేరేసరికి చీకటి పడింది. ఇక్కడా అలాంటి గదే. కానీ గోడకు ఓ డ్రాయింగ్‌ షీటు అంటించి ఉంది. స్కెచ్‌పెన్నుతో పదహారు పేర్లు, జతలు జతలుగా గీతలు. ఆదివారం పోటీలట. అందరికీ ఒకే ఎంట్రీ ఫీజు. గెలిచినవారికి ఓ కప్పు. ''పందెం బెడితె లొల్లయితది. కప్పు బెడితె ఆటైతది'' అన్నాడు గది నడిపే ఆయన.

బెర్గ్‌హైమ్‌ నుంచి జెడ్డా దాకా సాగిన చరిత్ర సారాంశం ఆ రెండు ముక్కల్లో ఉంది. కుర్రాళ్లను చెడగొట్టేది బల్లా, బంతులూ కాదు... బల్ల అంచున పెట్టే నోట్లు. ఆ నోట్ల స్థానంలో ఒక కప్పు, ఒక రిఫరీ, చూడ్డానికి వచ్చే నలుగురు పెద్దలు ఉంటే అదే గది ఆటస్థలం అవుతుంది. మీ అబ్బాయి అలాంటి మెట్లెక్కుతున్నాడని తెలిస్తే కోప్పడేముందు ఒకసారి మీరూ ఎక్కి చూడండి. గోడ మీద ఏముందో చదవండి.

మేం దిగివస్తుంటే వెనక మళ్లీ 'టక్‌'మంది. ఎవరో తొమ్మిదో బంతి వేసినట్టున్నారు. షీటు మీద ఒక పేరు, ఒక గీత ముందుకు జరుగుతుంది!