మంచు మీద ఆటకు ఇంట్లో సాధన

"మామయ్యా, గజ్జల్లో నొప్పి. అమ్మకు చెప్పకు."

ఆ మధ్య టొరంటో నుంచి మా చెల్లెలి కొడుకు ఫోను. 14 ఏళ్ళవాడు, ఐస్ హాకీ ఆడతాడు. తెలిస్తే అమ్మ ఆట మానిపిస్తుందని భయం.

తప్పు నాదీ ఉంది. ఐస్ రింకు అద్దె ఎక్కువ, ఇంట్లో ఏం సాధన చెయ్యనని అంతకుముందు వాడడిగితే, డాక్టర్ని కదా, తడుముకోకుండా "రోజూ పరుగెత్తు" అనేశాను. స్కేటింగు ఎరుగనివాడి సలహా అది! పరుగులో కాలు వెనక్కి తంతుంది. స్కేటింగులో పక్కకు తోస్తుంది. అలా సాగిన కాలిని ఆపి లోపలికి లాగేవి తొడ లోపలి కండరాలు. పరుగు వాటికి తగినంత పని చెప్పదు. 2001లో నేషనల్ హాకీ లీగ్ ఆటగాళ్ళను పరిశీలిస్తే, ఈ కండరాల బలం తుంటి బయటి కండరాల బలంలో 80 శాతానికి తగ్గినవారికి గజ్జ బెణికే ముప్పు ఎన్నో రెట్లని తేలింది.

కనుక మీ పిల్లలెవరైనా ఈ ఆట ఆడుతుంటే ముందు ఇది చేయించండి. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, వాటి మధ్య బంతి పెట్టి 5 సెకన్లు నొక్కి వదలాలి; పదిసార్లు. నొప్పి లేకుండా అది వచ్చాక, ఒంటికాలి మీద మోకాలు వంచి నిలబడడం. ఆపైన మేజోళ్ళతో నున్నని పలక మీద అటూ ఇటూ జారడం. మోకాలు లోపలికి వాలకూడదు. రోజు విడిచి రోజు చాలు.

చెల్లెలికి ఆ రాత్రే చెప్పేశాను. అక్కడి డాక్టరు ముందు తుంటికి ఎక్స్‌రే తీయించాడు. ఎదిగే వయసులో తొడ ఎముక తల జారినా నొప్పి గజ్జల్లోనే తెలుస్తుంది, ఆలస్యమైతే కాలు పాడవుతుంది. అదృష్టం, కండరమే బెణికింది. మూడు వారాలు ఆట బంద్.

వాడు కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. నిన్న ఫోను చేసి, బంతి నొక్కితే నొప్పి లేదు, జారుడు పలక ఎప్పుడు మామయ్యా అన్నాడు.