కంటికి కనిపించిన నీరు

ప్రయాణంలో ముగ్గురున్నా ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. ఈ బోధన మనందరికీ తెలిసినదే. అయితే ఆ అమీరు మనకంటే చిన్నవాడైనప్పుడు అతని మాట వినడం ఎంత కష్టమో గత డిసెంబరులో గండికోట కొండలపై మాకు తెలిసివచ్చింది.

మేము మేళ్లచెరువు వాసులం, ఏడుగురం. సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాల మధ్య మా జీవనం. మాలో పెద్దాయనకు 62 ఏళ్లు, చిన్నవాడికి 24. ఆ కొండదారుల్లో ఇదివరకు రెండుసార్లు నడిచినవాడు కనుక చిన్నవాడినే అమీరుగా ఎంచుకున్నాం. జమ్మలమడుగు దాకా బస్సులో వెళ్లి, గుడారాలు, బియ్యం, నీళ్లు వీపున మోసుకుంటూ నడక సాగించాం.

ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్నా నది అక్కడ లోతైన లోయను ఏర్పరచింది. ఇరువైపులా పలకలు పేర్చినట్లు ఎర్రటి రాళ్లు. వానలు తక్కువగా కురిసే సీమ కావడంతో ముళ్లపొదలే తప్ప నీడ లేదు. 17వ శతాబ్దంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను జయించాడు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ 1652లో ఆయనను ఇక్కడే కలిశాడు. కోటలోని జామియా మసీదు మినార్లను కళ్లారా చూసుకుని ముందుకు కదిలాం.

రెండవ రోజు జుహర్ వేళకు లోయ అంచున ఉన్నాం. తలకొక లీటరు నీరు మాత్రమే మిగిలింది. సాయంత్రం వరకు నడవాలి. "తాగే నీటితో వుజూ వద్దు, తయమ్ముమ్ చేద్దాం" అన్నాడు అమీరు.

పెద్దాయన ఒప్పుకోలేదు. "కళ్లెదుట నది ఉండగా తయమ్ముమ్ ఏమిటి బేటా? నలభై ఏళ్లుగా నేను వుజూ లేకుండా నమాజు చేయలేదు" అంటూ ఖాళీ సీసాతో దిగసాగారు. మాలో ముగ్గురం ఆయననే సమర్థించాం. నిజం చెప్పాలంటే, అది దైవభీతి కాదు. కుర్రవాడి మాట నెగ్గకూడదన్న పంతం.

పది అడుగులైనా దిగకముందే ఆయన కాలికింది రాయి ఊడింది. అది అడుగున పడిన చప్పుడు చాలా ఆలస్యంగా వినిపించింది. పొదను పట్టుకుని వేలాడుతున్న ఆయన చేతిని అమీరు అందుకుని పైకి లాగాడు. కోపగించలేదు. "మామూ, ఆ నీరు మనకు కనిపిస్తుంది, అంతే. దాన్ని అందుకోవాలంటే ప్రాణం పణంగా పెట్టాలి. ప్రాణం అల్లాహ్ మనకిచ్చిన అమానతు కదా!" అన్నాడు.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత బిస్మిల్లాహ్ అంటూ తానే ముందుగా అరచేతులు నేలకు ఆనించి ముఖాన్ని, చేతులను తుడుచుకున్నారు. మేమూ అలాగే చేశాం. మా ఊళ్లో రోజూ రాతిదుమ్మును కడుక్కుని మసీదుకు వెళ్లేవాళ్లం. ఆనాడు ఆ దుమ్మే మమ్మల్ని పరిశుద్ధపరచింది. ప్రయాణికులం కనుక నాలుగు రకాతులను రెండుగా కుదించుకుని, అమీరు వెనుక బారు తీరాం.

ఆ జారుడులో పెద్దాయన మోకాలు బెణికింది. ఆయన సంచిలోని బరువును మేము పంచుకున్నాం. ఊరికి వచ్చాక, నొప్పి తగ్గేవరకు మసీదులో ఆయన కుర్చీపై కూర్చుని నమాజు చేశారు. పూర్వమైతే ఎంత నొప్పి ఉన్నా పంటి బిగువున నిలబడేవారు.

జబ్బుతో ఉన్నా ఉపవాసం విడవనని, లేవలేకపోయినా కూర్చుని నమాజు చేయనని పట్టుబట్టే పెద్దలు మన ఇళ్లలో ఎందరో! అల్లాహ్ ప్రసాదించిన సౌలభ్యాన్ని కాదనడం భక్తి కాదు. దాన్ని వినమ్రంగా స్వీకరించడం కూడా ఆయనకు విధేయతే. ఆ విధేయతను అల్లాహ్ మనందరికీ అనుగ్రహించుగాక. ఆమీన్.