దానం ఏ పద్దులో పడుతుంది

మా సంస్థలో లెక్కలు చూసేది నేను. పిల్లలకు నడక నేర్పేవాళ్ళు ఒకరు, మాట నేర్పేవాళ్ళు ఇంకొకరు. వాళ్ళు తిరిగిన పెట్రోలు బిల్లులకు ఓచర్లు రాసి పిన్ను కొట్టేది నా పని. ఆఫీసు, పిల్లల డే కేర్ విజయనగరంలో ఉన్నాయి. అక్కణ్ణించి సాలూరు, పాచిపెంట కొండ ఊళ్ళ దాకా మావాళ్ళు ఇళ్ళకే వెళ్తారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు, ఎదుగుదల మందగించినవాళ్ళు, చెట్టు మీంచి పడి వెన్ను దెబ్బతిన్న మగవాళ్ళు మా జాబితాలో ఎక్కువ.

దాతలు ఫోన్ చేస్తే ముందుగా ఎత్తేదీ నేనే. ఊరూ పేరూ చెప్పాక దాదాపు అందరూ అడిగేది ఒకటే. "నేనిచ్చేది మొత్తం పిల్లలకే వెళ్తుందా అండీ, జీతాలకీ గీతాలకీ పోతుందా?" జీతాలకే ఎక్కువ పోతుంది. మా ఖర్చులో సగానికి మించి జీతాలే, ఆ తర్వాత ప్రయాణాలు. ఈ మాట దాచకుండా చెప్తాను. అవతలివాళ్ళకు కాస్త తీరికుంటే ఎందుకో కూడా చెప్తాను.

ఎక్కువమందికి ఇవ్వాలనిపించేది వీల్‌చెయిర్. కంటికి కనబడుతుంది, ఫొటో తీయొచ్చు, వెనకవైపు నాన్నగారి పేరు రాయించొచ్చు. సాదా మడత కుర్చీ ఏడెనిమిది వేలకు దొరుకుతుంది. కానీ కుర్చీ తెచ్చుకోవడానికి మాకు వేరే దారి ఉంది. వికలాంగులకు పరికరాలు ఇచ్చే ఎడిప్ అనే పథకం కేంద్ర ప్రభుత్వానికి 1981 నుంచీ ఉంది. ఆ పథకం కింద ఇచ్చే మూడు చక్రాల బళ్ళు, కుర్చీలు, చేతికర్రలు కాన్పూరులో 1972లో పెట్టిన అలిమ్కో కంపెనీ తయారుచేస్తుంది. ముందు ఒక క్యాంపు పెట్టి కొలతలు తీసుకుంటారు, కొన్నాళ్ళకు ఇంకో క్యాంపు పెట్టి పంచుతారు. ఈ రెండింటి మధ్య పిల్లాడు ఎదిగిపోతే కుర్చీ బిగుతవుతుంది. అప్పుడు సర్దేవాళ్ళు కావాలి. వీల్‌చెయిర్ ఎలా అందించాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో రాసిన మార్గదర్శకాల్లో ఎనిమిది మెట్లున్నాయి. మనిషిని పరీక్షించడం, తగిన కుర్చీ ఎంచడం, ఒంటికి సరిపెట్టడం, వాడటం నేర్పడం, తర్వాత మరమ్మతులు చూడటం అందులో కొన్ని. డబ్బు సమకూర్చి కుర్చీ తెప్పించడం ఒక్క మెట్టు. మిగతావన్నీ మనుషులు చేసే పనులు, అంటే నా పుస్తకంలో జీతాల పద్దు.

తాటిచెట్టు మీంచి జారిపడ్డ ఒకాయన సంగతి చెప్తాను. నడుము కింద స్పర్శ లేదు. ఎవరో పుణ్యాత్ములు కొత్త కుర్చీ ఇచ్చారు. ఆయన పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా అందులోనే ఉండేవాడు. స్పర్శ లేనివాళ్ళకు అది ప్రమాదం. పిరుదుల దగ్గర ఎముక ఆనుకున్నచోట రక్తం ఆడదు, చర్మం చితికి పుండు పడుతుంది, నొప్పి తెలీదు కాబట్టి ఎవరూ చూడరు. మా ఫిజియోథెరపిస్టు వెళ్ళేసరికి పుండు ఎముక దాకా పోయింది. విశాఖ పెద్దాసుపత్రిలో నెలల తరబడి పడకే. ఆ కుర్చీలో మంచి మెత్త లేదు, అలాంటి మెత్త కొంటే కుర్చీలో సగం ధర అవుతుంది. అరగంటకోసారైనా చేతుల మీద ఒళ్ళు పైకెత్తాలని ఆయనకు చెప్పినవాళ్ళూ లేరు. ఇప్పుడు మేం ఇచ్చే ప్రతి కుర్చీతో మెత్త వెళ్తుంది, మొదటి నెలలో ఫిజియో కనీసం రెండు సార్లు వెళ్తుంది. మెత్తకు అప్పుడప్పుడూ దాతలు దొరుకుతారు. ఫిజియో వెళ్ళి రావడానికి దాత దొరకడం ఎప్పుడూ కష్టమే.

కాళ్ళకు వేసే ప్లాస్టిక్ స్ప్లింట్లదీ ఇదే కథ. ఎదిగే పిల్లలకు ఆర్నెల్లకో ఏడాదికో కొత్తవి చేయించాలి. ఇరుకైనవి తొడిగితే కాలు ఒరుసుకుపోతుంది, అమ్మ తీసి అటక మీద పడేస్తుంది. పోయినేడాదే ఇచ్చారు కదా, మళ్ళీ ఎందుకని దాత అడుగుతారు. వాళ్ళ పిల్లలకు పోయినేటి బూట్లు ఈ ఏడు పడుతున్నాయా అని అడగాలనిపిస్తుంది గానీ అడగను.

ఇక భోజనాలు. పుట్టినరోజుకీ, పెద్దల తద్దినానికీ డే కేర్ పిల్లలకు అన్నం పెడతామని వస్తారు. జనవరి 1న ముగ్గురు నలుగురు వస్తారు, జూలైలో వారమంతా ఒక్కరూ రారు. కాదనడం నాకు చేతకాదు. మన ఊళ్ళలో అన్నం పెట్టడాన్ని మించిన దానం ఉందని ఎవరితో అనగలం? ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో కొందరికి మింగడం సరిగా రాదు, పొలమారితే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జిలేబీ ముక్క నోట్లో పెట్టబోయే దాత చెయ్యి పట్టుకుని ఆపేది మా ఆయా. ఆమె జీతానికి మాత్రం దాత లేరు.

చట్టమేమంటుందని అడిగేవాళ్ళూ ఉంటారు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. అయితే ఆసుపత్రిలో డాక్టరు జీతాన్నీ, బడిలో టీచరు జీతాన్నీ ఆ నిబంధనలు పరిపాలన ఖర్చుగా లెక్కకట్టవు, అవి సేవ కిందికే వస్తాయి. మేం విదేశీ విరాళాలు తీసుకోం గానీ, ఆ లెక్కన చూస్తే ఆఫీసు అద్దె, కరెంటు, నాలాంటివాళ్ళ జీతం ఆ 20 శాతంలోకి వస్తాయి. అందుకే ఫిజియో జీతం గురించి నోరు విప్పి మాట్లాడతాను, నా జీతం గురించి కొంచెం తగ్గి మాట్లాడతాను.

అమెరికా నుంచి ఫోన్ వస్తే ముందు అడగాల్సింది పాస్‌పోర్టు ఏ దేశానిదని. భారత పౌరుడు డల్లాస్‌లో ఉండి బ్యాంకు ద్వారా తన సంపాదన పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అక్కడి పౌరసత్వం తీసుకుంటే, విజయనగరం వచ్చి నా చేతిలో రూపాయల్లో పెట్టినా విదేశీ విరాళమే. విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావాల్సిన రిజిస్ట్రేషన్ మాకు లేదు, వద్దనాల్సిందే. "మాది గజపతినగరం పక్కనే బాబూ, నేను పరాయివాణ్ణెలా అవుతాను?" అని ఒక పెద్దాయన చాలా బాధపడ్డారు. ఆయన బావమరిదికి ఇక్కడి పాస్‌పోర్టే ఉంది. ఆ బావమరిదే తన సొంత డబ్బు ఇచ్చారు, రసీదూ ఆయన పేరునే రాశాను. ఆ రసీదులకూ పద్ధతులున్నాయి. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. బియ్యం బస్తాలు, పాత కుర్చీలు ఇచ్చినా రాదు.

అన్నిటికన్నా చెప్పడానికి కష్టమైన సంగతి ఒకటుంది. బ్యాంకు ఖాతాలో డబ్బుంటుంది, జీతాలకు ఉండదు. పెద్ద కంపెనీలు 2013 కంపెనీల చట్టం ప్రకారం గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ డబ్బు ప్రాజెక్టుగా వస్తుంది. ఇన్ని కిట్లు, ఈ తేదీలోగా, ఈ బోర్డుతో అని. అందులోంచి పైసా కూడా వేరేదానికి వాడకూడదు, వాడితే నేను ఆడిటరు ముందు తలెత్తలేను. కొన్ని నెలల్లో ఖాతా నిండుగా ఉండగానే ఆయాకు పదో తారీఖు దాకా జీతం ఇవ్వలేకపోయాం. ఇలాంటి రోజులకని కూడబెట్టుకుందామంటే ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు చేయాలంటుంది ఆదాయపు పన్ను నిబంధన. మిగల్చాలంటే దేనికో చెప్పి విడిగా ఫారం పెట్టాలి.

దేనికి ఖర్చుపెడితే ఎక్కువ ఫలితమని నన్నడిగితే ఆటో బాడుగంటాను. వైకల్య ధ్రువపత్రం కోసం కొండ ఊరి నుంచి మంచంపట్టిన మనిషిని ఆసుపత్రికి తేవాలి, పక్కన ఒకరుండాలి, ఆధార్‌లో పేరు తప్పుంటే దిద్దించాలి. పత్రం వస్తే పింఛనుకు దారి పడుతుంది. ఆంధ్రలో అది 2024 జూలై నుంచి నెలకు 6,000, మంచానికో కుర్చీకో పూర్తిగా పరిమితమైనవాళ్ళకు 15,000. 2025లో ప్రభుత్వం పత్రాలను మళ్ళీ పరిశీలించినప్పుడు మా ప్రయాణాల పద్దు ఉబ్బిపోయింది. ఆ ఏడాది నివేదికలో దానికి ఫొటో ఏం పెట్టాలో ఎవరికీ తోచలేదు.

నన్నడిగితే దాతలు వేయాల్సిన ప్రశ్న వేరు. మీ దగ్గర ఫిజియోథెరపిస్టులు ఎన్నేళ్ళు ఉంటున్నారు, ఎందుకు వెళ్ళిపోతున్నారు అని అడగాలి. మేమిచ్చే జీతానికి ఎవరూ రెండేళ్ళు నిలవరు. విశాఖలో ప్రైవేటు ఆసుపత్రి పిలవగానే వెళ్తారు, వాళ్ళ తప్పేం లేదు. కొత్తమ్మాయి వచ్చి ఒక్కో బిడ్డ కాళ్ళ బిగుతు, భయం, ఇంటి గుమ్మం ఎత్తు తెలుసుకునేసరికి ఆర్నెల్లవుతుంది. పాచిపెంట దగ్గర ఒక తల్లికి మూడో వీల్‌చెయిర్ ఇస్తామంటే, "బండొద్దు బాబూ, ఆ పాతమ్మని పంపితే సాలు" అంది.

వచ్చే ఏడాది బడ్జెట్లో ఫిజియో ఉద్యోగానికి జీతం పెంచి రాశాను. కమిటీలో అధ్యక్షులు కళ్ళద్దాలు సర్దుకుని, "దాతలు అడుగుతారయ్యా, ఇదంతా జీతాలకేనా అని," అన్నారు. ఫోన్ ఎత్తేది నేనే కదండీ, నేను చెప్పుకుంటానన్నాను. సంతకం పెట్టారు.