రక్తపరీక్షకు అందని అలసట

2021లో కరోనా నుండి కోలుకున్న మా సహోపాధ్యాయులొకరు నేటికీ మెట్లెక్కితే ఆయాసపడతారు. పాఠం మధ్యలో మాటకోసం తడుముకుంటారు. అదే ఇంట్లో అదే జ్వరం సోకిన ఆయన తమ్ముడు పది రోజుల్లో లేచి తిరిగాడు. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి గనుక ఇది బద్ధకమేనని బంధువులంటుంటే మాకు బాధ కలుగుతుంది.

ఒకే తల్లి బిడ్డలైనా అందరికీ ఒకే జన్యువులు సంక్రమించవు. 16 దేశాలలో 6,450 మంది దీర్ఘకాలిక కరోనా బాధితులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, ఫాక్స్‌పీ4 అనే జన్యువు వద్ద ఒక మార్పు ఉన్నవారికి ఈ వ్యాధి ముప్పు సుమారు 1.6 రెట్లుగా ఉందని గుర్తించారు. ఆ పరిశోధన 2025లో ‘నేచర్ జెనెటిక్స్’ పత్రికలో వెలువడింది. ఆ జన్యువు ఊపిరితిత్తుల కణాలలోనూ పనిచేస్తుంది. అయితే ఆ మార్పు ఉన్నవారందరూ జబ్బుపడరు. లేనివారికీ ఈ బాధ రావచ్చు.

పుట్టుకతో వచ్చినదానికి మనిషిని నిందించటం న్యాయమా? నిలబడలేని రోగి కూర్చుని, అదీ చేతకాకుంటే పడుకుని నమాజు చేయవచ్చునని ధర్మం వెసులుబాటు ఇచ్చింది. ప్రార్థనలోనే లభించిన ఆ సడలింపును ఇంటిపనిలో మనం నిరాకరించరాదు. అలసిన మనిషికి ముందు విశ్రాంతినిద్దాం. ఆయన మాటను నమ్ముదాం.