తోంగ్‌పాల్ దారిలో

భద్రాచలం నుండి చింతూరు, కుంట, సుక్మాల మీదుగా జగ్దల్‌పూర్‌కు సాగే దారిలో తోంగ్‌పాల్ ఒక చిన్న మజిలీ. ఇరువైపులా అడవి; వేసవి తొలినాళ్ళలో చెట్ల కింద రాలిన ఇప్పపూల వాసన. 2014 మార్చి 11న ఈ ఊరి సమీపాన మావోయిస్టుల దాడిలో 15 మంది భద్రతా సిబ్బంది, ఒక పౌరుడు నేలకొరిగారు. చాలామంది ఈ పేరు విన్నది ఆ వార్తతోనే.

అయితే ఈ సీమకు మరొక ముఖం కలదు. జగ్దల్‌పూర్ చెంత డిమ్రాపాల్‌లో వినోబా శిష్యుడు ధరంపాల్ సైనీ 1976లో ఆదివాసీ బాలికల కొరకు ఆశ్రమం నెలకొల్పారు. చదువుతోపాటు ఆటలూ నేర్పించారు. అడవి దారులకు అలవడిన కాళ్ళు పరుగు పందాలలో పతకాలు తెచ్చాయి. 1992లో ఆయనను పద్మశ్రీ వరించింది.

దూరదేశమైన లాత్వియాలోనూ ఇటువంటి కథే జరిగింది. ఉల్యానా సెమ్యోనొవా అనే పల్లెపిల్లను పదమూడవ ఏట రీగా నగరపు శిక్షకులు చేరదీశారు. ఏడడుగుల ఆ బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి 1976, 1980 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచిన సోవియట్ జట్టులో ఆడి, పిమ్మట స్పెయిన్, ఫ్రాన్స్ జట్లలోనూ రాణించింది.

ప్రతిభ ఏ పల్లెలోనైనా పుడుతుంది. దానిని వెదుకుతూ వచ్చే మనిషి కావాలి. తోంగ్‌పాల్ వైపు అట్టి బాటసారులు ఇంకా ఎందరో రావలసి ఉన్నది.