ఓమా వండిన పప్పు

జర్మనీ దేశపు నైరృతి భాగమున స్వాబియన్ ఆల్బ్ అను పీఠభూమి కలదు. అది సున్నపురాతి నేల. కురిసిన వాన పైన నిలువక రాతిసందులలో ఇంకిపోవును. మన్ను పలుచన, చలి మెండు. అట్టి చేలలో పూర్వము రైతులు మసూరములను చల్లెడివారు. తెలుగువారి యిండ్లలో మైసూరుపప్పుగా వాడుకనున్నది ఈ గింజయే. మైసూరు నగరమునకును దీనికిని సంబంధ మేమియు లేదు. తెలుగువారు పొట్టు తీసిన యెఱ్ఱ బద్దలను వండుదురు. ఆల్బ్ వాసులు పొట్టుతో గూడిన గుండ్రని గింజలనే వండుదురు. మసూరపు మొక్క తనంత తాను నిలువజాలదు. అందుచే దానిని బార్లీతోనో ఓట్లతోనో కలిపి చల్లుదురు. అది వాని కాడలను పట్టుకొని లేచును.

ఆ సీమలోని యొక పల్లెలో ఒక వృద్ధురాలు శనివారమునాడు ఈ పప్పు వండెడిది. అందు పొగబెట్టిన పందిమాంసపు ముక్కలు వేయుట అచటి యాచారము. వడ్డించునపుడు ప్రక్కన సాసేజి, అనగా మాంసమును నూరి పేగుతొడుగున కూర్చినది, ఉండవలెను. ఒకనాడు నగరమున చదువుకొనుచున్న మనుమరాలు వచ్చి, “ఓమా, నేను మాంసము మానితిని” అనెను. అమ్మమ్మను అచటి పిల్లలు ఓమా అని పిలుతురు.

“మంచిది. ముక్కలు వేయను, సాసేజి మాత్రము పెట్టెదను.”

“సాసేజియు మాంసమే గదా, ఓమా!”

వృద్ధురాలు మారు పలుకలేదు. మాంసము మాని, తక్కినవన్నియు ఎప్పటివలెనే వేసి వండెను. పప్పు ఉడికినది గాని చప్పగా నుండెను. మనుమరాలు సగము తిని, చెంచా క్రింద నుంచి, “బాగున్నది” అనెను. ఆ మాట ముసలామెకు ముల్లువలె గ్రుచ్చుకొనెను. పిల్ల కాదన్నది మాంసమునా, ఈ యింటి వంటనా అని రాత్రి చాలసేపు నిద్రపట్టలేదు.

అప్పుడామెకు తన బాల్యము జ్ఞప్తికి వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన ఆ కఱవు దినములలో వారి యింట మాంసమెక్కడిది? అయినను తల్లి వండిన పప్పును పిల్లలు పళ్లెము నాకి తినలేదా? తల్లి చేతులు ఏమి చేసెడివో ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకొనెను.

మరుసటి శనివారమునకు ఆమె ఆల్బ్ పప్పునే కొనెను. వెల అధికమని గొణిగెను గాని, ఆ గింజకు గొప్ప కథ యున్నది. విదేశముల నుండి చౌకపప్పు వచ్చిపడుటచే 1960వ దశకము నాటికి ఆల్బ్‌లో దాని సాగు అంతరించెను. 1985 ప్రాంతమున ఒక రైతుకుటుంబము మరల పూనుకొన్నను, పాత విత్తనములు దొరకక ఫ్రాన్సు విత్తనములే చల్లవలసి వచ్చెను. తుదకు 2006లో రష్యాదేశమున, సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరపు వావిలోవ్ సంస్థవారి విత్తన భాండారమున ఆ పాతరకములు కనబడెను. అచటినుండి వచ్చిన కొద్దిపాటి గింజలను ఏటేట పెంచి మరల చేలకు చేర్చిరి.

ఆమె పప్పును కడిగి, క్యారెట్టు, సెలరీ దుంప, బంగాళాదుంప ముక్కలతో పొయ్యిపై నుంచెను. వేఱొక బాణలిలో వెన్న కరగించి, గోధుమపిండి వేసి, సన్నని సెగపై ఎడతెగక కలిపెను. తల్లి చేసెడి దిదియే. తెల్లనిపిండి మెల్లగా వేరుసెనగపొట్టు రంగునకు తిరిగి, ఇల్లంతయు కమ్మని మాడువాసన నిండెను. కొంచెము తొందరపడినచో చేదగును. ముందుగా దింపినచో పచ్చివాసన పోదు. అందు ఉల్లిపాయలు వేయించి, ఉండలు కట్టకుండ పప్పుకట్టు కొంచెము కొంచెముగా పోసి, అంతయు కుండలో కలిపెను. పొగవాసనకై మనుమరాలు స్పెయిన్‌దేశపు మిరపపొడి తెచ్చినది. ఆ మిరపకాయలను ఓకుకట్టెల పొగలో ఎండబెట్టుదురు. ముసలామె దానిని మూచూచి, చిటికెడు వేసి, మఱియొక చిటికెడు వేసెను.

పప్పు మెత్తబడిన పిదపనే వెనిగరు పోసెను. పులుపు ముందుగా పడినచో గింజ ఎంతసేపటికిని ఉడకదు. పప్పు ఉడికిన తరువాతనే చింతపండు పులుసు పోయు తెలుగు ఇల్లాలికి ఈ సంగతి యెవరును చెప్పనక్కరలేదు.

పప్పుతో తినుటకు పిండియు గ్రుడ్లును కలిపి మరుగునీట వండిన ష్పెట్స్‌లె యుండెను. అచటి శాకాహారులలో పలువురకు గ్రుడ్డు నిషిద్ధము కాదు. తాతగారి సాసేజి వేఱొక చిన్నగిన్నెలో ఉడికినది. కుండ మాత్రము అందఱి నడుమ నొక్కటియే. మనుమరాలు పళ్లెము ఖాళీచేసి మరల చాచి, “ఓమా, ఇంకొంచెము వెనిగరు” అనెను.

“సీసా నీ యెదుటనే యున్నది. నీవే పోసికొనుము. మా అమ్మ ఎవరికిని పోసెడిది కాదు” అనుచు ముసలామె గరిటె నందుకొనెను.