మంచు ఖండం నుంచి వెలుగు బాట

అంటార్కిటికాలోని రాస్ దీవి కొసన, 77 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి ఆవల ఉన్న మెక్‌ముర్డో అనే అమెరికా పరిశోధన కేంద్రం నుంచి బయటి ప్రపంచానికి సందేశం పంపడం చాలాకాలం చుట్టుదారి ప్రయాణంగానే ఉండేది. ఆ ఖండాన్ని సముద్రగర్భ కేబుల్ ఏదీ చేరలేదు. భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూభ్రమణంతో సమంగా తిరుగుతూ ఒకేచోట నిలిచినట్లు కనిపించే భూస్థిర ఉపగ్రహం అక్కడి దిగంతానికి కొద్దిగా మాత్రమే పైన ఉంటుంది. ఆ దిక్కును దీవిలోని కొండలు అడ్డగించడం వల్ల, సందేశాన్ని ముందు సమీపంలోని బ్లాక్ ఐలండ్‌కు చేర్చి, అక్కడి యాంటెన్నా ద్వారా ఆకాశానికి పంపవలసి వచ్చేది. ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి అర సెకను పైనే పట్టేది.

2022 సెప్టెంబరులో ఈ కేంద్రంలో, ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ సేవను పరీక్షిస్తున్నట్లు అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ప్రకటించింది. ఈ కొత్త దారిలో సందేశం రేడియో తరంగాలపై సుమారు 550 కిలోమీటర్ల ఎత్తుకే ఎక్కి, ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాన్ని అందుకుంటుంది. అయితే ఇంత తక్కువ ఎత్తున ఉన్న ఉపగ్రహానికి కనిపించే నేల పరిమితం. అది వాడకందారునూ, ఇంటర్నెట్‌తో కలిపే గేట్‌వే అనే భూకేంద్రాన్నీ ఏకకాలంలో చూడగలిగితేనే రేడియో ఒక్కటే సరిపోతుంది. చుట్టూ మంచూ మహాసముద్రమూ తప్ప మరేమీ లేనిచోట అది కుదరదు కనుక, సందేశం ఆకాశంలోనే చేతులు మారాలి.

ఆ పని చేసేది లేజర్, అంటే చెదరకుండా ఒకే దిశలో సాగే సన్నని కాంతిపుంజం. ఉపగ్రహాలు సెకనుకు దాదాపు 7.6 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంటాయి. రెండింటి మధ్య 2,000 కిలోమీటర్ల దూరం ఉందనుకుంటే, కాంతి అవతలికి చేరే ఏడు మిల్లీసెకన్ల లోపే ఉపగ్రహం 50 మీటర్లు కదిలిపోతుంది. అందుచేత పంపే అద్దాన్ని, లక్ష్యం ఇప్పుడున్న చోటికి కాక, కాంతి చేరే వేళకు ఉండబోయే చోటికి గురిపెట్టాలి. ఉపగ్రహం అదిరినా ఆ గురి తప్పకూడదు. 2001 నవంబరులో ఐరోపా అంతరిక్ష సంస్థవారి ఆర్టెమిస్, ఫ్రాన్స్‌వారి స్పాట్-4 ఉపగ్రహాల మధ్య ఇలాంటి లంకె సెకనుకు 50 మెగాబిట్ల వేగంతో సాధ్యపడగా, నేటి స్టార్‌లింక్ లేజర్లు 100 గిగాబిట్లను అందుకున్నాయి.

గాజు తీగలో కాంతివేగం శూన్యంలోని వేగంలో మూడింట రెండు వంతులే కాబట్టి, కొన్ని వేల కిలోమీటర్లు దాటిన దూరాలకు ఆకాశమార్గం కేబుల్ కన్నా ముందుగా చేరవచ్చునని లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన మార్క్ హ్యాండ్లీ 2018లో లెక్కగట్టి చూపారు. షేర్ మార్కెట్లకు ఆ మిల్లీసెకన్లు విలువైనవే. కాని ఈ విద్య అసలు ప్రయోజనం గేట్‌వే నిలబెట్టలేని చోట్లను కలపడంలో ఉంది.

చివరి మజిలీలో, మేఘాలు లేజర్‌ను అడ్డుకుంటాయి కనుక, సందేశం మళ్లీ రేడియోపైనే గేట్‌వేకు దిగి, అక్కడి నుంచి ఆప్టికల్ ఫైబర్‌లో కలుస్తుంది. అందువల్ల లేజర్ లంకెలను కేబుల్‌కు పోటీగా కాక, కేబుల్ చేరలేని చోటికి దాని పొడిగింపుగా చూడడమే సరైనది.